ఎర్ర నార చుట్టిన బాణం

...వేళ్లు మాత్రం ఇప్పటికీ గుర్తే. పొయ్యి వెలుగులో ఎర్ర నార మీదికి పసుపు నార తిప్పుతూ, రెల్లు పుల్ల చుట్టూ ఓపిగ్గా బిగిస్తున్న వేళ్లు. అప్పటికి తౌరా పసివాడు. అన్న నౌరి పోయాక అతని చేతిపని లోకంలో ఈ బాణం ఒక్కటే మిగిలింది. ఇంకాసేపట్లో దాన్ని తనే విరవాలి.

మ్యూజియం వెనక పెరట్లో రెండు వంశాలవాళ్లూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యన ఎవరూ ముట్టని వక్కల గుత్తి. గద్ద వంశం తరఫున తౌరా, చిలక వంశం తరఫున మొసిరో. తోట సరిహద్దు తగాదాలో గుంపులోకి నౌరి గుడ్డిగా వదిలిన ఈ బాణమే మొసిరో తమ్ముడు కాబిన్‌ని బలి తీసుకుంది. చంపిన బాణాన్ని ఇరుపక్షాలూ కలిసి విరిస్తేనే రాజీ. దాన్ని అప్పట్లోనే ఎవరో ఫాదరు పట్టుకెళ్లి మ్యూజియానికి ఇచ్చేశాడు, రాజీ అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు తౌరా చెల్లెలి మనవరాలు కిరియానా, మొసిరో అక్క మనవణ్ని తప్ప ఇంకొకణ్ని చేసుకోనంటోంది. బాణం విరగకుండా పెళ్లి మాటే ఎత్తొద్దని పెద్దలు తేల్చేశారు.

పైవాళ్లు ఒప్పుకున్నారు గానీ విరిగాక అతికించడం తన వల్ల కాదని, బాణం తెచ్చిన మ్యూజియం ఉద్యోగిని జసింత మరోసారి చెప్పింది.

"ఇదేనా?" అడిగాడు మొసిరో.

కాదంటే చాలు. మళ్లీ అద్దాల కింద దూది మీద హాయిగా పడుంటుంది. తను ఎప్పుడైనా పడవెక్కి వచ్చి చూసుకోవచ్చు. కిరియానా వైపు చూడకూడదనుకున్నాడు తౌరా. చూశాడు. ఆ పిల్ల గోళ్లు కొరుక్కుంటోంది.

"ఇదే."

"ఆ ముక్క చెప్పడానికి ఇంతసేపా? కునుకు పట్టిందేమో అనుకున్నా," అన్నాడు మొసిరో.

చిలక వంశంవాళ్లు నవ్వారు. ఇద్దరూ చెరో కొస పట్టుకున్నారు. మొసిరో నార చుట్టుని కళ్లు చికిలించి చూశాడు. ముసలితనం అనుకున్నాడు తౌరా. బాణం నార చుట్టుకి కాస్త పైన పటుక్కుమంది.

అందరూ లేచి వక్కలు పంచుకున్నారు. కిరియానాని ఎవరో పెళ్లికూతురని ఆటపట్టిస్తున్నారు. ఎవరి చేతిలో మిగిలిన ముక్క వాళ్లదని ఆచారం. నార చుట్టిన ముక్క తౌరాకి దక్కింది. దాన్ని గుండెకి ఆనించుకుని, అన్న ఇంతైనా మిగిలాడనుకున్నాడు.

మొసిరో వచ్చి పక్కన కూలబడ్డాడు. అతని చేతిలో మొన.

"ఆ నార ఒక్కసారి తాకనిస్తావా?"

"ఎందుకు?"

"మీ నౌరికి చుట్టడం ఎక్కడొచ్చు తౌరా? పక్కన కూచుని వాగేవాడు, అంతే. ఇది మా కాబిన్ చుట్టాడు. స్నేహితుడని మీవాడికిచ్చాడు."

తౌరా ముక్కని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పొయ్యి వెలుగు, ఎర్ర నార, ఆ వేళ్లు. వాటి పక్కన, ఇన్నేళ్లుగా తను చూడని చోట, గోడకి చేరబడి ఏదో చెప్పి పగలబడి నవ్వుతున్న అన్న. అతని చేతులు ఖాళీగా ఉన్నాయి.

కళ్లు తెరిచి, నార ముక్కని మొసిరో ఒళ్లో పెట్టి, అతని చేతిలోని మొనని తను తీసుకున్నాడు.