ఐదు గంటల పది నిమిషాలు

“ఐదు గంటల పది నిమిషాలు పడుతుందంటోందండి,” అన్నాడు జీవన్, కంప్యూటర్ మీదకి వంగి. “ఆరింటికి నాకు హైదరాబాద్ బస్సు. తెల్లారితే మస్కట్ విమానం.”

అప్పటికి నాలుగు కావస్తోంది.

“కంగారు పడకండి. నాకు వదిలెయ్యండి,” అన్నాడు దీపక్. కొత్తపేటలో ఇంట్లోనే స్టూడియో పెట్టుకున్న అతనికి తెలియని విషయం లేదని పేరు. ఆ పేరు పెట్టింది కూడా అతనే.

జీవన్ పెళ్లి వీడియో మేడమీద స్టోరేజ్ పెట్టెలో ఉంది. అది వైరు మీదుగా కింద గదిలో కంప్యూటర్‌కి వచ్చి, దానికి తగిలించిన జీవన్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కాలి. ఒక్క ముక్క కొయ్యకుండా మొత్తం కావాలన్నాడు జీవన్. పెళ్లయిన పదో రోజున వాళ్ల నాయనమ్మ పోయింది. ఆవిడ నడుస్తూ, నవ్వుతూ, వడ్డించేవాళ్లని కేకలేస్తూ కనిపించేది ఇక అందులోనే. మళ్లీ రెండేళ్లదాకా అతను ఇంటికి రాలేడు.

దీపక్ మేడమీంచి వచ్చే వైరు మార్చాడు. స్పీడు సెకనుకి పదకొండు ఎంబీ. వైర్లన్నీ కలిసే చోట కొత్త నెట్‌వర్క్ స్విచ్ బిగించాడు. పదకొండే. ఇంట్లో ఫోన్లకీ, టీవీకీ నెట్ ఆపించాడు. అయినా పదకొండు దగ్గరే మొరాయించింది.

“దసరా వెళ్లిన దగ్గర్నుంచీ ఇలాగే ఏడుస్తోందండి,” అంది దీపక్ భార్య రమ్యశ్రీ. “కంప్యూటర్‌కి వైరు గుచ్చే చోట ఓసారి చూడకూడదూ?”

“అక్కడేం ఉంటుంది? తప్పంతా పై పెట్టెదే,” అంటూ దీపక్ మేడ మెట్లెక్కబోయాడు.

రమ్యశ్రీ ఊరుకోలేదు. వైరు పీకి, ఫోన్ లైటు వేసి చూసింది. “ఇలా రండోసారి,” అంది.

కన్నం నిండా పసుపు. దాని మీద కుంకుమ. రెండూ తడిసి, గట్టిపడి, లోపలి పిన్నుల్ని సగం మూసేశాయి.

దీపక్‌కి ఒళ్లు మండిపోయింది. “అమ్మా, ఆయుధపూజకి కంప్యూటర్‌కి బొట్టు పెట్టేవా?”

వీరాయమ్మ వంటింట్లోంచి వచ్చింది. “నేనా? కత్తిపీటకీ, కొబ్బరికోరుకీ పెట్టుకున్నాను. నీ గదిలోకి నేనెందుకొస్తాన్రా?”

“అయితే నువ్వా?”

“నేను కుట్టుమిషన్‌కి పెట్టేనండి,” అంది రమ్యశ్రీ.

“ఎవరూ పెట్టకపోతే అమ్మవారే దిగొచ్చి పెట్టిందా? భక్తి ఉంటే సరా, ఎక్కడ పెట్టాలో తెలియొద్దూ? చూసేరా జీవన్ గారూ, వీళ్లకి ఎంత చెప్పినా అంతే.”

“ఆయ్,” అన్నాడు జీవన్, గడియారం చూసుకుంటూ.

వీరాయమ్మ మొహం చిన్నబోయింది. ఆ వయసులో పరాయివాడి ముందు మాట పడటం ఎవరికైనా కష్టమే.

రమ్యశ్రీ కంప్యూటర్ ఆపి, పాత టూత్‌బ్రష్‌ని స్పిరిట్‌లో ముంచి కన్నం శుభ్రంగా తోమింది. ఆరాక వైరు గుచ్చింది. స్పీడు నూట పది. ఐదు గంటల పని అరగంటకి దిగింది.

ఐదుంబావుకల్లా అంతా ఎక్కేసింది. సరిచూసుకుందామని జీవన్ ఒకచోట తెరిచాడు. “పెళ్లికొడుకు విస్తట్లో పప్పేదిరా?” అని నాయనమ్మ ఎవరినో కేకలేస్తోంది. జీవన్ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. “మీ మేలు మర్చిపోలేనండి,” అని దీపక్ చేతులు పట్టుకుని, బస్టాండుకి పరుగు తీశాడు.

దీపక్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. “నా చెయ్యి పడ్డాక పని అవ్వకుండా ఉంటుందా? అమ్మా, ఆ కుంకుమ భరిణె ఇలా తే. పరువు నిలబెట్టిన కంప్యూటర్, ఒక్క బొట్టయినా పెట్టాలి.”

వీరాయమ్మ భరిణె తెచ్చి పట్టుకుంది. కరెంటుతో చెలగాటం ఎందుకని దీపక్ కంప్యూటర్ ఆపి, వైర్లన్నీ పీకాడు. వేలు తడిపి కుంకుమలో అద్దాడు. “ముందు పెడితే వచ్చినవాళ్లు నవ్వుతారు. నేనెప్పుడూ వెనకాలే పెడతాను,” అంటూ అలవాటుగా వెనక్కి వంగాడు. వేలు తిన్నగా ఆ కన్నం దగ్గరికి వెళ్లి, ఠక్కున ఆగిపోయింది.

“ఆగేవేంరా?” అంది వీరాయమ్మ, భరిణె ఇంకాస్త ముందుకు చాపి. “దసరాకి ఎక్కడ పెట్టేవో అక్కడే పెట్టు.”