పరుగుల తాత అర్జీ

"మీ అర్జీకి మీరే సాక్షి ఎలా అవుతారండీ?"

సైనిక రికార్డుల ఆఫీసులో గుమాస్తా కాగితాన్ని బల్ల మీదుగా వెనక్కి తోశాడు.

పెద్దాయన అది కింద పడకుండా పట్టుకున్నాడు. మాజీ సైనికుడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు గానీ మనిషే బాగా నలిగిపోయి ఉన్నాడు.

"ఆ రోజు అక్కడున్నది మేమిద్దరమే బాబూ."

"అయితే ఆ రెండో ఆయన్ని తీసుకురండి."

"వాడు రాలేడు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

గుమాస్తా సాక్షి గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ‘లోపములున్నవి’ అన్న ముద్ర టప్పున కొట్టాడు.

ఆ ముద్ర కొట్టడంలో అతనికి పంతొమ్మిదేళ్ళ అనుభవం. అతనిది ఒకటే పద్ధతి. మొదటి పేజీలో తప్పుంటే రెండో పేజీ ముట్టుకోడు. తప్పు లేని మొదటి పేజీ నెలకొకటి కూడా వచ్చేది కాదు. ఇంకేం, హాయైన ఉద్యోగం.

"ఇంతకీ మీ ఇబ్బందేంటి?"

"సైన్యం రికార్డులో ఒక మాట తప్పుగా ఉంది బాబూ. ‘పారిపోయాడు’ అని. నలభై ఆరేళ్ళుగా ఉంది. అది అక్కడ ఉండకూడదు."

వరసలో ఉన్నవాళ్ళు మెడలు సాచి చూశారు.

"యుద్ధంలోంచి పారిపోయారా?" గుమాస్తా కావాలనే గొంతు పెంచాడు.

పెద్దాయన తల దించుకున్నాడు. "పారిపోయాను."

"పారిపోయాననీ మీరే అంటారు, ఆ మాట ఉండకూడదనీ మీరే అంటారు. బావుందండీ వరస."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"రెండో పేజీలో అంతా రాశాను. ఒక్కసారి చూస్తే..."

"ముందు మొదటిది కానివ్వండి."

"అమ్మకి తొంభై మూడేళ్ళు బాబూ. మంచంలో ఉంది. ఈ వారం గడవడం కష్టమన్నాడు డాక్టరు. ఆ మాట కొట్టేసిన కాగితం చూసి కళ్ళు మూస్తానంటోంది. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు కాదు, సాక్షిని పట్టుకోండి."

ఆ రోజు నుంచి ఆఫీసులో ఆయనకి ‘పరుగుల తాత’ అని పేరు పడిపోయింది.

రెండో రోజు వచ్చాడు. ఫోటోలో చెవి కనబడటం లేదని గుమాస్తా ఇంకో సున్నా చుట్టాడు.

మూడో రోజు పై అధికారి గదికి వెళ్ళాడు. పై అధికారి ఓపిగ్గా విని, ఆ కాగితాన్ని మళ్ళీ ఈ గుమాస్తా దగ్గరికే పంపించాడు.

"నా మీద ఫిర్యాదా?" గుమాస్తా మూతి బిగించాడు. "ఇక దేవుడు రాసిచ్చినా సాక్షి లేందే కుదరదు."

పెద్దాయన బల్ల మీదికి వంగాడు.

"రాత్రంతా అడుగుతూనే ఉంది బాబూ, వచ్చిందా, వచ్చిందా అని. ఇంటికెళ్ళి ఆ మొహం ఎలా చూడను?"

"వచ్చిందని చెప్పెయ్యొచ్చుగా. పోయే ప్రాణం, కాగితం చదివి చూస్తుందా?"

"ఇన్నాళ్ళూ ఆవిడ దగ్గర అబద్ధంతోనే బతికాను. ఇంకొకటి నావల్ల కాదు."

"అయితే మీ ఇష్టం. తర్వాతెవరు?"

పెద్దాయన కదల్లేదు. వెనకున్న మనిషి భుజం మీద చెయ్యేసి పక్కకి జరిపితే గానీ వరస ముందుకు సాగలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. చొక్కాకి ఇస్త్రీ లేదు. బూట్ల నిండా మట్టి.

"అమ్మ పొద్దున పోయింది."

గుమాస్తా కలం కింద పెట్టాడు. "అయ్యో" అన్నాడు.

"ఆఖరి నిమిషం దాకా గుమ్మం వైపే చూసింది. నేను ఉత్త చేతులతో నిలబడ్డాను."

"ఇక ఈ అర్జీతో పనేముందండీ? తీసుకెళ్ళిపోండి."

"ఉంచండి. ఆవిడ చూడకపోయినా రాయాల్సింది రాయాలి." జేబులోంచి ముడేసిన రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదీ దాంతో జతచెయ్యండి. నా దగ్గర ఉండకూడదు."

గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పీడా వదిలిందనుకున్నాడు గుమాస్తా. అర్జీ మీద ‘ముగించడమైనది’ అని ముద్ర కొట్టాడు. అప్పుడు రుమాలు ముడి విప్పాడు.

లోపల ఒక పతకం ఉంది. దాని వెనక చిన్న అక్షరాలు చెక్కి ఉన్నాయి. ‘దళమంతా దాటేవరకు వంతెన కాచినందుకు.’ కింద సైనికుడి నంబరు. అర్జీతో పోల్చి చూశాడు. పెద్దాయన నంబరే.

పారిపోయినవాడికి పతకమేంటి?

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఎర్ర సున్నాలున్న అర్జీలో అతను రెండో పేజీ తిప్పాడు.

‘అయ్యా, ఆ రోజు వంతెన కాపలా వంతు నాది. గుండ్లు పడుతుంటే ప్రాణం మీద తీపి పుట్టింది. కాసేపు నా బదులు నిలబడమని నా స్నేహితుణ్ణి బతిమాలి, వాణ్ణి అక్కడ వదిలి పరుగెత్తాను. వాడు కదల్లేదు. దళమంతా దాటాక వంతెన కూలి, వాడు ఏట్లో కలిసిపోయాడు. చీకట్లో మేం వంతు మార్చుకున్నట్టు ఎవరికీ తెలియలేదు. కాపలా పట్టీలో నా పేరుంది కాబట్టి పతకం నాకు ఇచ్చారు. శిబిరంలో ఉండాల్సిన నా స్నేహితుడు కనబడలేదు కాబట్టి వాడు పారిపోయాడని రాశారు. వాడి తల్లిని అమ్మా అని పిలుస్తూ ఇన్నేళ్ళూ ఆమె చేతి అన్నం తిన్నాను, నిజం మాత్రం చెప్పలేకపోయాను. కనుక వాడి పేరు ఎదుట ఉన్న ‘పారిపోయాడు’ అన్న మాట కొట్టేసి, దాన్ని నా పేరు ఎదుట రాయవలసిందిగా ప్రార్థన.’