గొడవ లేని పెళ్లిచూపులు

తెనాలిలో పానకాలరావు ముప్పై ఏళ్లపాటు ఒకే హాస్యనాటకంలో పెళ్లికొడుకు వేషం కట్టాడు. పెళ్లికూతురు హైమవతి. పెళ్లిచూపుల్లో ఇద్దరూ పోట్లాడుకునే రంగానికి జనం వన్స్‌మోర్ కొట్టేవారు. ఆ పోట్లాటలోనే ఒకరికొకరు నచ్చి, నిజంగానే పెళ్లి చేసుకున్నారు.

ముసలితనంలో ఓ రోజు ఆ నాటకం టీవీలో వస్తోందంటే ఇద్దరూ ఆశగా కూర్చున్నారు. అప్పటికి టీవీలన్నీ చూసేవాళ్ల బీపీ కనిపెట్టి, అది పెరగకుండా కథను సరిచేస్తున్నాయి. తెర మీద పెళ్లికొడుకు వచ్చాడు, పిల్ల నచ్చిందన్నాడు. పిల్ల కూడా సరేనంది. నాలుగు నిమిషాల్లో తాళి కట్టేశాడు.

“మన పోట్లాట ఏదే?” అన్నాడు పానకాలరావు. ఆయన ప్రాణం చివుక్కుమంది. లేచి పంచె ఎగ్గట్టి, “ఈ గొంతుకి వీణ కూడానా?” అని పాత డైలాగు అందుకున్నాడు.

హైమవతి మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచింది. “మీ చెవులకి డప్పు చాలు, వీధిలోకి దయచేయండి!”

బొమ్మ ఆపేసి టీవీ మెత్తగా అడిగింది: “మీ ఇంట్లో తగాదా జరుగుతోంది. సర్దిచెప్పడానికి మనిషిని పంపమంటారా?”

“ఒక్కరేం సరిపోతారమ్మా, ఓ పదిమందిని పంపు,” అంది హైమవతి కొంగు బిగిస్తూ. “చూసేవాళ్లు లేకపోతే నాటకం రక్తికట్టదు.”