ఆళ్లగడ్డ నుంచి జవాబు

"కొట్టు! వాడు అబద్ధాలకోరని కొట్టు!" నంద్యాల రేడియో క్లబ్బు గదిలో మద్దిలేటి బల్ల మీద గుద్దాడు.

క్లబ్బుకు అధ్యక్షుడు ఆయనే అయినా ఆ టకటకల మోర్స్ భాష ఆయనకు ఎంతకీ పట్టుబడలేదు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నది కాలేజీ చదివిన ఆయన కొత్త పెళ్లాం ప్రేమకుమారి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పెళ్లినాటి గాజులు మోచేతి దాకా ఎగదోసి, ఆమె మీట నొక్కసాగింది.

"సిలోనుతో ముందు మాట్లాడింది మనం. తామేనని ఆళ్లగడ్డంతా చెప్పుకుంటాండాడు ఆడి క్లబ్బు పెద్ద, మీయన్న ఓబయ్య! కొట్టినావా?"

"కొట్టినా."

"ఏమంటాడు?"

ఆమె కాసేపు విన్నది. "తప్పు నాదేనంటాండాడు."

మద్దిలేటి మొహం ఇంకా ఎర్రబడింది. "ఎగతాళా? ఓబయ్య నోట్లో ఆ మాట వస్తుందా? ఏరియల్ గడ పెరికి వాని నెత్తిన ఏస్తానని కొట్టు!"

గాజులు గలగలమన్నాయి.

"ఇప్పుడేమంటాడు?"

"ఎండలో తిరగొద్దు, ఆరోగ్యం జాగ్రత్త అంటాండాడు."

"నా ఆరోగ్యంతో వానికేం పని!" మద్దిలేటి కుర్చీని తన్నాడు. "ఈ ఆషాఢానికి నిన్ను పుట్టింటికి పంపేది లేదు. అది గూడ కొట్టు!"

ప్రేమకుమారి వేలు మీట మీదే ఆగిపోయింది. "నిజంగానే పంపరా?"

"నువ్వు పోవు. నేనూ వాని గడప తొక్కను. కొడతావా లేదా?"

ఆమె తల వంచుకుని కొట్టింది.

అంతలో తలుపు తోసుకుని, ఒళ్లంతా బస్సు దుమ్ముతో ఓబయ్య లోపలికొచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం.

"సిలోను గొడవ మరిచిపోదామని పొద్దున నువ్వే ముందు కబురు చేస్తే, నేను ఇంట్లో ఎట్ల కూచుంటా బావా?" అన్నాడు ఓబయ్య. "నీ మాదిరే నాకూ ఈ టకటక రాదు. నా పెండ్లాం కమలాక్షమ్మ విని చెప్పింది. చెల్లెల్ని ఆషాఢానికి పిల్చుకపోదామని వచ్చినా."

మద్దిలేటి ఒకసారి ఆయన్ను, ఒకసారి మిషన్ను చూశాడు. "నువ్వు బస్సులో ఉంటే... ఇంతసేపూ ఆడినుంచి నాకు జవాబు చెప్పిందెవరప్పా?"

ప్రేమకుమారి హెడ్‌ఫోన్లు చెవులకు ఒత్తుకుని, నవ్వు ఆపుకోలేక అన్నది:

"మా వదిన అడుగుతాండాది, 'మాయన బస్సు దిగినాడా?' అని."