తుప్పు ఊసెత్తని బేరం

ఇంట్లో ఎవరెవరున్నారో ఆవిడ గుమ్మంలో నిలబడే చూసుకుంది. పడక్కుర్చీలో కాలికి కట్టుతో మామగారు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అత్తగారు. కొంగు నడుముకు దోపుకుని కోడలు. వెనక వసారాలో పీట మీద కూర్చుని భోంచేస్తున్న అల్లుడుగారు. కొడుకు పనికి వెళ్ళాడని వీధి మొదట్లోనే కనుక్కుని వచ్చింది.

నలుగురు. అందులో ఒకాయన లేవలేడు, ఇంకొకాయన విస్తరి ముందునుంచి లేవడు. ఆవిడకిది వెన్నతో పెట్టిన విద్య.

"నర్సరీ పెడుతున్నానండీ. మొక్కలు తిప్పడానికి పాత పికప్ బండి కోసం చూస్తున్నా. మీ షెడ్డులో ఉన్నది అమ్ముతారా?" అంది.

నిజానికి ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఒక్క మొక్కకి నీళ్ళు పోసింది లేదు. ఆ బండి తయారుచేసిన కంపెనీలోనే ఉద్యోగం. కంపెనీకి తలనొప్పిగా ఉన్న బండ్లను చడీచప్పుడు లేకుండా మాయం చేయడం ఆవిడ పని.

ఈ బండి మామూలు తలనొప్పి కాదు. బండి బరువంతా మోసే ఇనుప చట్రం, అదే ఛాసిస్, లోపల్నుంచి తుప్పు తినేసింది. ఒకరోజు నడిరోడ్డు మీద, చక్రాల కుదుపు మోసే కమాను పట్టీ దాన్నుంచి ఊడిపోయి, బండి గోడెక్కి, మామగారి కాలు విరిగింది. "మీరు బండి సరిగ్గా కడుక్కోకపోతే మా తప్పా?" అంది కంపెనీ. మామగారు కోర్టుకెళ్ళాడు. కోర్టు పంపే ఇంజనీరు రేపు వచ్చి ఛాసిస్ చూస్తాడు. లోపం ఇనుములోనే ఉందని ఆయన తేలిస్తే, ఆ మోడల్ బండి ఉన్న ప్రతి ఒక్కరికీ కంపెనీ కొత్త ఛాసిస్ వేసివ్వాలి.

బండే లేకపోతే ఆయన చూసేదేముంది? సాయంత్రానికల్లా అది తుక్కుగా నలిగిపోవాలి. దాన్ని లాక్కెళ్ళడానికి లాగే బండిని కూడా వెంట తెచ్చి వీధి చివర నిలబెట్టింది.

కోడలు షెడ్డులోకి తీసుకెళ్ళింది. మామగారు చంకకర్రల మీద వెనకే వచ్చాడు. ఛాసిస్‌కి అక్కడక్కడా నల్లరంగు పూసి ఉంది. ఇంకా ఆరనే లేదు. వాసనకు ఆవిడకు తుమ్మొచ్చింది, దాని వెనకే నవ్వు కూడా. తుప్పుకు రంగు పూసి తనకు అంటగట్టాలని చూస్తున్నారన్నమాట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

"కింద చూసుకోరా?" అన్నాడు మామగారు.

"ఎందుకండీ? మీ ముఖం చూస్తే నమ్మకం కలగట్లేదూ?"

"ముఖానికేమైందమ్మా, విరిగింది కాలు కదా."

కోడలు పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆవిడ పైకి జాలిపడి, ఒక ధర చెప్పి బేరం మొదలుపెట్టింది. కానీ బేరానికి దిగింది మామగారు కాదు, అత్తగారు. వసారాలోంచే కేకేసింది.

"మా ఆయనకంటే ముందు నిద్రలేచే బండమ్మా అది. ఊరికే ఎలా ఇస్తాం?"

"కొంచెం చూసి చెప్పండి పిన్నిగారూ."

"చూసే చెబుతున్నా. ఇంకొంచెం పెంచు."

ఆవిడ పెంచింది. అత్తగారు మళ్ళీ పెంచమంది. సొమ్ము కంపెనీది కాబట్టి ఆవిడ మళ్ళీ పెంచింది. కుదరలేదని గుమ్మం దాటి వెళ్ళిపోయే బేరం కాదిది.

ఇక మిగిలింది అల్లుడుగారు ఒక్కడే. అల్లుళ్ళతో చిక్కు. అత్తారింట్లో చెంబు అమ్మినా వాళ్ళను అడగలేదని అలుగుతారు. పైగా ఈయనకు జరుగుతున్న మర్యాద చూస్తే మాట చెల్లేవాడిలాగే ఉన్నాడు. మామగారంతటివాడు "మీరు" అంటున్నాడు. అత్తగారు బేరం మధ్యలో కూడా "ఇంకొక్క ముద్ద" అని బతిమాలుతోంది. అందుకే ఆవిడ వసారా దాకా వెళ్ళి నమస్కారం పెట్టింది.

"బండి నేను తీసుకుంటున్నానండీ. మీకేం అభ్యంతరం లేదుగా?"

ఆయన తలెత్తాడు. కడుక్కున్నా గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రగానే ఉంది. పాపం, అల్లుడిచేత కూడా పెరట్లో మట్టి తవ్వించారు కాబోలు అనుకుంది.

"నాకేం అభ్యంతరమండీ? నిక్షేపంగా తీసుకెళ్ళండి," అని మళ్ళీ విస్తరి వైపు తిరిగాడు.

తాళాలు ఆవిడ చేతిలో పడ్డాయి. లాగే బండి వచ్చి పికప్‌ను తగిలించుకుని వీధి మలుపు తిరిగింది. పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి ఆవిడ అప్పుడు వదిలింది. రేపు ఇంజనీరు వచ్చి ఖాళీ షెడ్డులో తల గోక్కుంటాడు. ఆ ముఖం చూడటానికి తనుండదే అని కాస్త బాధ కూడా వేసింది.

వెళ్ళబోతూ, మర్యాద తప్పకూడదని గుమ్మం దాకా వచ్చిన కోడలితో అంది. "వెళ్ళొస్తానమ్మా. మీ అల్లుడుగారికి కూడా చెప్పానని చెప్పు."

"అల్లుడుగారా? మా అత్తయ్యకు ఆడపిల్లల్లేరండీ."

"మరి ఆయన?"

కోడలు తలుపు మీద చెయ్యి వేసింది. "ఆ మోడల్ బండి కొనేవాళ్ళెవరైనా ముందు దాని కిందికి దూరి తుప్పు చూస్తారండీ. మీరు వంగనైనా లేదు, తుప్పు అన్న మాటైనా ఎత్తలేదు. మీరు కంపెనీవాళ్ళేనని అప్పుడే తెలిసింది. రేపటిదాకా మీరు బండిని ఉండనివ్వరేమోనని ఆయన ముందే అనుకున్నారు. అందుకే ఇవాళ పొద్దున్నే వచ్చి, ఛాసిస్‌లో కావలసిన ముక్కలన్నీ కోసి, కోసిన చోట రంగు పూసి, ముక్కలకు కోర్టు సీలు వేసుకున్నాకే భోజనానికి కూర్చున్నారు ఇంజనీరుగారు," అని ఆవిడ ముఖం మీదే తలుపు వేసేసింది.