నాలుగు దిక్కులూ ఆగిన చోట

"పెద్దాయనా, కొంచెం దిగండి. అది కూర్చునే చోటు కాదు."

రాతిగద్దె మీది ముసలాయన తలెత్తి ఆర్థర్‌ను చూశాడు.

"జెర కాళ్ళు గుంజుతున్నయ్ సార్," అంటూనే దిగి, కూరగాయల సంచితో పక్కకు నిలబడ్డాడు.

ఆర్థర్ జేబురుమాలుతో గద్దెను తుడిచాడు.

ఆదివారం ఆరాధన ముగిశాక కొందరిని వెంటబెట్టుకుని ఈ పాత చౌరస్తా చరిత్ర చెప్పడం ఆ రిటైర్డ్ మాస్టారుకు అలవాటు. ఉద్యోగం కోసం ఏలూరు నుంచి సికింద్రాబాద్ వచ్చినవాడు. ఇక్కడ పుట్టినవాళ్ళ కంటే ఈ ఊరిని తానే ఎక్కువ ప్రేమించానని నమ్మేవాడు. ప్రేమించినవాడికి తెలియనిది ఉండదనీ నమ్మేవాడు.

ముందు గడియారస్తంభం వైపు చెయ్యి చూపాడు. తర్వాత, ఒకప్పుడు గుర్రాలు నీళ్ళు తాగిన రాతితొట్టి. ఇప్పుడందులో బాలమ్మ బంతిపూలు తడుపుతోంది. ఆ తర్వాత సినిమా హాలు ఉండిన ఖాళీ జాగా. హాలు పోయి ఏళ్ళయినా కండక్టర్లు స్టాపును ఇంకా దాని పేరుతోనే పిలుస్తున్నారు.

గద్దె దగ్గరికి వచ్చేసరికి ఆర్థర్ గొంతు తగ్గింది.

సిగ్నల్ దీపాలు రాకముందు దీని మీద ఒక కానిస్టేబుల్ నిలబడేవాడట. ఈ దారిన ఎవరి శవం వచ్చినా నాలుగు వైపులా బండ్లను ఆపి సెల్యూట్ చేసేవాడట. షావుకారుదైనా, దిక్కులేనిదైనా, ఏ మతానిదైనా అంతే. ఒకనాడు ఒక అనాథ పాడె కోసం పెద్దమనిషి కారును ఆపాడు. మర్నాటి నుంచి అతను ఇక్కడ కనిపించలేదు. పేరు కూడా ఎవరికీ గుర్తులేదు.

"సెల్యూట్ కొడుతూ బస్సుల్ని ఎలా ఆపాడు మాస్టారూ?" అంది బ్యాంకులో పనిచేసే డోరా. "డ్రైవర్లు కూడా సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయేవారేమో."

అందరూ నవ్వారు. ఆర్థర్ నవ్వలేదు.

రోడ్లు జరిగి జరిగి, నడుమ ఉండిన గద్దె ఇప్పుడు మలుపులో మిగిలింది. మలుపు వెడల్పు చేయడానికి రేపు దాన్ని తవ్వేస్తారు. ఆ కానిస్టేబుల్‌ను కళ్ళారా చూసినవారు ఒక్కరు వచ్చి చెప్పినా పని ఆపి పైకి రాస్తానని ఇంజనీరు మధుసూదన్ మాట ఇచ్చాడు. ఆయన వచ్చే వేళయింది. బాలమ్మను అడిగితే అత్త చెప్పగా విన్నానంది. ఇరానీ హోటల్లోనూ అందరూ విన్నవాళ్ళే.

"తీసెయ్యనియ్యుండ్రి సార్."

ఆర్థర్ వెనుదిరిగాడు. అన్నది ముసలాయన.

"మొన్న అంబులెన్స్ గీడ మలగలేక ఆగింది. నేను సూసిన."

"దీని మీద నిలబడ్డవాడు ఎలాంటివాడో విన్నారుగా?"

"ఎసువంటోడైతే ఏంది సార్? పోయేటోళ్ళకు తొవ్వ ఇయ్యనీకె నిలబడ్డడు. ఇప్పుడు గద్దెనే తొవ్వకు అడ్డమైంది."

చరిత్ర విలువ తెలియనివాళ్ళ వల్లే నగరాలు ముఖం పోగొట్టుకుంటున్నాయని ఆర్థర్ గుంపు వైపు తిరిగి చెప్పాడు. గుంపు తలూపింది. ముసలాయన సంచితో బస్ స్టాపు వైపు నడిచాడు.

ఆ ఉదయం ఆర్థర్ అందరినీ అడిగాడు. తన మాట కాదన్నవాణ్ణి మాత్రం అడగలేదు.

మధుసూదన్ స్కూటర్ దిగాడు. "ఎవరైనా దొరికారా మాస్టారూ?"

ఆర్థర్ తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే మెట్టుగూడ వైపు నుంచి ఒక పాడె వచ్చింది. డప్పుల్లేవు, పూలు లేవు. మోసే నలుగురే మనుషులు. బస్సులు హారన్లు కొడుతుంటే ఆ నలుగురూ రోడ్డు అంచున ఆగిపోయారు.

స్టాపులో ముసలాయన సంచి కింద పెట్టాడు. రోడ్డు మధ్యకు నడిచాడు.

వంగిన వీపు నిటారైంది. ఎడమ చెయ్యి బస్సులకు అడ్డంగా లేచింది. కుడి చెయ్యి నుదుటిని తాకింది.

డోరా ప్రశ్నకు రెండు చేతులూ ఒకేసారి జవాబు చెప్పాయి.

నాలుగు దిక్కులూ ఆగాయి. పాడె దాటిపోయింది.

ముసలాయన చేతులు దించి, సంచి తీసుకుని, మల్కాజ్‌గిరి బస్సు ఎక్కాడు. ఆర్థర్ పరుగెత్తి వెళ్ళేసరికి బస్సు గద్దెను ఒరుసుకుంటూ మలుపు తిరిగిపోయింది.

మధుసూదన్ వెనకే వచ్చాడు. పని ఇంకో వారం ఆపమంటారా అని అడిగాడు.

"వద్దు," అన్నాడు ఆర్థర్. "దారి ఇవ్వండి."

"ఇంతకీ ఆయన ఎవరు మాస్టారూ?"

ఆర్థర్ గద్దె వైపు తిరిగాడు. ఆ మనిషిని ఆ గద్దె మీది నుంచి ఒకసారి ఎవరో పెద్దమనిషి దింపించాడు, రెండోసారి, ఈ ఉదయం, తానే దింపాడు.