పళ్లు తీసిన రంపం

రంపం మళ్లీ ఇరుక్కుంది.

వడ్రంగి ఊపిరి బిగబట్టి లాగాడు. ఊహూఁ, రాలేదు.

దుంగ కింద తమ్ముడి కాలుంది.

పొద్దున అడితిలో కలప దించుతుంటే పేర్చిన దుంగలు జారాయి. అన్నిటికంటే కిందిది తమ్ముడి కాలిని గోడకేసి నొక్కేసింది. ఎత్తుదామంటే పైనున్నవన్నీ ఒక్కపెట్టున మీద పడేలా ఉన్నాయి. క్రేన్ వస్తోంది, వస్తోంది అనడమే గానీ, వానకు దారి తెగి ఎక్కడో ఆగిపోయింది. కోత మిషన్ నేలకు బిగించినది, దుంగ దగ్గరికి రాదు. ఇక మిగిలింది చేతి రంపం. కాలిని నొక్కిన కొసను కోసి పక్కకు దొర్లిస్తే చాలు.

“అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు, పాలిపోయిన ముఖంతో. “నీ రంపం కంటే చెదపురుగులు నయం.”

నవ్వించాలని చూశాడు పాపం. ఎవరికీ నవ్వు రాలేదు. అతని తల ఒళ్లో పెట్టుకున్న భార్య వడ్రంగి వైపు చూసింది.

“బావగారూ, తొందరగా.”

“అయిపోయిందమ్మా. ఇంకాస్త.”

ఎక్కడ అయింది? సగం కూడా తెగలేదు. కోత మూసుకుపోకుండా చెక్కముక్క దోపాడు. అయినా పచ్చికలప పొట్టు తడిసి ముద్దయి, పళ్ల సందుల్లో పిండిలా పట్టేస్తోంది. పైగా రంపం మొద్దుబారి ఉంది. దానికి పదును పెట్టాలంటే సన్నటి ఆకురాయితో ఒక్కొక్క పన్నూ రాసుకుంటూ ఓ పూటంతా కూర్చోవాలి. ఆ పూట ఎప్పుడూ దొరకలేదు. రేపు, రేపు అంటూ నెట్టుకొచ్చాడు.

“దీంతో కోసి చూడు బాబూ.”

ముక్కూ మొహం తెలియని ముసలాయన. భుజాన గోనెసంచి, చేతిలో ఒక రంపం. దానికి అక్కడక్కడా పళ్లు లేవు.

“రంపానికీ వయసైపోయినట్టుందే,” అన్నాడు గుమిగూడిన వాళ్లలో ఒకడు.

“నేనే తీసేశాను,” అన్నాడు ముసలాయన. “ఆ ఖాళీల్లోంచి పొట్టు బయటికి పోతుంది. కోత సాఫీగా నడుస్తుంది. మిగిలినవి పెద్ద పళ్లు. మామూలు ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే పదునెక్కుతాయి.”

“పెద్దాయనా, ఇక్కడ ప్రాణం పోతోంది. బేరాలకు ఇదా సమయం?” అన్నాడు వడ్రంగి.

“అమ్మడానికి రాలేదు బాబూ. నీ చేతిలో ఆ రంపం చూసి ఆగాను. దాంతో పచ్చికలప తెగదు.”

వడ్రంగికి ఒళ్లు మండింది.

“ఇది ఏనుగు మార్కు. మా నాన్న చేతిది. మా ఇంట్లో పొయ్యి వెలిగిందే దీనివల్ల. ఈ వీధిలో అందరివీ ఇవే. దీనికి వంక పెట్టడానికి నువ్వెవరు?”

“పదును పెట్టడం అంత కష్టమైతే ఎవరు మాత్రం పెడతారు? తప్పు నీది కాదు. ఆ రంపం చేసినవాడిది.”

పదును సంగతి అప్పటికే లోపల పొడుస్తోంది. బయటివాడు కూడా అదే ఎత్తేసరికి వడ్రంగికి ఒళ్లు తెలియలేదు. ఒక్క తోపు తోశాడు.

ముసలాయన పొట్టులో వెల్లకిలా పడ్డాడు. ఎవరో లేపారు. మోచేతులు దులుపుకుని, వెళ్లిపోకుండా గోడ పక్కనే నిలబడ్డాడు.

వడ్రంగి మళ్లీ లాగాడు. ఇరుక్కుంది. ఊడదీశాడు. మళ్లీ ఇరుక్కుంది. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. తమ్ముడు హాస్యాలు మానేశాడు. కాసేపటికి మూలగడమూ మానేశాడు.

“బావగారూ, మీకు దండం పెడతాను. ఆ రంపం తీసుకోండి.”

వడ్రంగి తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం చాపాడు. ముసలాయన ఆ చేతిలో తన రంపం పెట్టాడు.

మొదటి లాగుకే పొట్టు జలజలా బయటికి రాలింది. రెండో లాగుకు రంపం ఇంకా లోపలికి దిగింది. ఎక్కడా ఆగలేదు. వడ్రంగికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోశాడు. కొస తెగింది. నలుగురూ పట్టి దొర్లించారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది.

“ప్రాణానికి ఢోకా లేదు. కాలు తీసేశాం. రక్తం ఆడక చచ్చుబడిపోయింది. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే దక్కేది.”

ఆ కాస్త ఎక్కడ పోయిందో వడ్రంగికి తెలుసు. మరదలికీ తెలుసు. ఆమె ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు అడితికి వెళ్లాడు. కోసిన దుంగ మొహం సగం కుక్క పీకినట్టు పీచులు లేచి ఉంది. మిగతా సగం అరచేతికి నున్నగా తగిలింది. గోడకు పళ్లు తీసిన రంపం ఆనించి ఉంది. తన ఏనుగు మార్కు రంపం లేదు.

ఇనుప సామాన్ల కొట్టుకు పరుగెత్తాడు.

“గోనెసంచి ముసలాయన ఎక్కడుంటాడు? కాళ్ల మీద పడాలి.”

“ఇందాకే వెళ్లిపోయాడు,” అన్నాడు కొట్టాయన. “ఏ ఊరని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.”

“మా నాన్న రంపం పట్టుకుపోయాడు.”

“ఒక్క నీదేనా? ఏనుగు మార్కు కనబడితే చాలు, కొత్తది చేతిలో పెట్టి పాతది పట్టుకుపోతాడు. నా కొట్లోవీ వదల్లేదు.”

“ఆ పాతవాటితో ఆయనకేం పని?”

కొట్టాయన అతన్ని వింతగా చూశాడు.

“నీకు తెలీదా? ఏనుగు మార్కు రంపం చేసిందే ఆయన.”